కుసుమకు భయమేసిందట

ఆక్లాండ్ దగ్గరి హెండర్సన్‌లో తెలుగువాళ్ళు నలుగురు కూడితే కుసుమ మాట రాకుండా ఉండదు. "కుసుమ ఆంటీ అంత నెమ్మదస్తురాలు ఎక్కడా దొరకదు" అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె తల దించుకుంటుంది. వినయం అనుకుంటారు చూసేవాళ్ళు. వినయమూ కాదు, పాడూ కాదు. అది సిగ్గు. మనిషిని లోపల్నుంచి కొరుక్కుతినే సిగ్గు.

కుసుమ పుట్టి పెరిగింది హన్మకొండలో. తల్లి వెంకటలక్ష్మికి వాడకట్టు పెట్టిన పేరు గయ్యాళి. కిరోసిన్ డీలరు కొలత తక్కువ పోస్తే లైన్లో ఆడవాళ్ళంతా గొణుక్కునేవాళ్ళే తప్ప ఒక్కరూ పైకి అనేవారు కాదు. ఎవరో ఒకరు పరుగున పోయి వెంకటలక్ష్మిని పిలుచుకొచ్చేవారు. ఆమె కొంగు దోపుకుని వచ్చి డీలరును నాలుగు దులిపితే అందరి డబ్బాలూ నిండేవి. నిండిన డబ్బాలతో ఇంటికి పోతూ ఆ ఆడవాళ్ళే, "అవ్వో, ఏం నోరే దానిది! మొగడు ఎట్ల ఏగుతున్నడో ఏమో" అని నవ్వుకునేవారు. వాళ్ళ వెనకే నడుస్తూ పదేళ్ళ కుసుమ ఆ మాటలు వినేది. తను పెద్దయ్యాక ఎవరిచేతా అలా అనిపించుకోకూడదని అప్పుడే గట్టిగా అనుకుంది.

భర్త జనార్దన్ 2003లో డిప్లొమా చదవడానికి ఆక్లాండ్ వచ్చాడు. ఏడాది తిరిగాక కుసుమ వచ్చింది. చదువు పూర్తయిన జనార్దన్‌కు పెట్రోల్ బంకులో షిఫ్టులు దొరికాయి గాని వర్క్ పర్మిట్ ఇప్పించే ఉద్యోగం దొరకలేదు. కుసుమకు వృద్ధులు ఉండే ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్ పని దొరికింది. ఇద్దరూ ఆ దేశంలో ఉండాలన్నా, ఊడాలన్నా ఇక ఆ పని మీదే. పర్మిట్ పొడిగించాల్సి వచ్చినప్పుడల్లా మేనేజర్ డయాన్ ఒక ఉత్తరం రాసివ్వాలి.

డయాన్ చెడ్డ మనిషైతే ఈ కథ చెప్పడం సులువయ్యేది. ఆమె అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుని ఇంట్లో చేసిన కేకు తెచ్చేది. "మీ ఇండియన్ ఆడవాళ్ళు ఎంత మృదువుగా ఉంటారు!" అని కుసుమ భుజం తట్టేది. కుసుమ పొంగిపోయి ఆ సంగతి ఇంటికెళ్ళి జనార్దన్‌కు చెప్పుకునేది.

అదే రెస్ట్‌హోమ్‌లో కుసుమకు జోడీగా పనిచేసేది ఎస్నాత్. జింబాబ్వే మనిషి. అక్కడ పదహారేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. వెనక బెంచీ దాకా వినపడాలి కనుక గొంతు పెద్దది, నవ్వూ పెద్దదే. కుసుమకు మొదటి వారంలో మంచం పట్టిన మనిషిని ఎలా పక్కకు తిప్పాలో, తన నడుము ఎలా కాపాడుకోవాలో చేయి పట్టుకుని నేర్పింది ఎస్నాతే. కుసుమ తెచ్చే పచ్చిపులుసు గ్లాసులో పోసుకుని తాగి, "సిస్టర్, ఇది మందా, విషమా?" అని అడిగి మళ్ళీ గ్లాసు చాపేది.

"గా నల్లామెతోని జర దూరముండు" అనేవాడు జనార్దన్. "వాళ్ళకు కోపమొస్తే మనిషిని సూడరు."

అతను అంతవరకూ ఎంతమంది ఆఫ్రికావాళ్ళతో మాట్లాడాడయ్యా అంటే ఒక్కరితో కూడా లేదు. పైగా పెళ్ళిచూపుల ఫొటోకు తల్లి రెండుసార్లు పౌడరు పూయించిన రంగు ఆ మహానుభావుడిది. కుసుమ అతనికి ఎదురు చెప్పలేదు. ఆ మాట అబద్ధమని రోజూ కళ్ళారా చూస్తూనే ఉంది. అయినా దాన్ని పారేయకుండా మనసులో ఓ మూల దాచుకుంది. ఎందుకు దాచుకుందో ఆమెకే తెలియదు.

2006 జూన్‌లో పనివాళ్ళు తగ్గిపోయారు. లేవలేని ముసలివాళ్ళను గుడ్డ ఉయ్యాలలో ఎత్తి కుర్చీలోకి దించే యంత్రం ఒకటుంది, హోయిస్ట్ అంటారు. దాని దగ్గర ఇద్దరుండాలని రూలు గోడ మీదే ఉంది. డయాన్ మాత్రం డ్యూటీల రోస్టర్‌లో ఒక్కరినే వేయడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం కుసుమ ఒంటరిగా మిసెస్ హార్పర్‌ను ఎత్తుతుంటే ఉయ్యాల పక్కకు ఒరిగింది. ముసలావిడ జారిపోకుండా కుసుమ తన భుజం అడ్డం పెట్టి ఆపింది. ముసలావిడకు ఏమీ కాలేదు గాని, కుసుమ కుడిచెయ్యి వారం దాకా పైకి లేవలేదు.

డయాన్‌కు చెప్పొచ్చు. చెప్పలేదు. టీ వేళ ఎస్నాత్ దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ చెప్పుకుంది. చివరికి, "రేపు మీటింగ్‌లో నువ్వు అడుగు ఎస్నాత్. నువ్వయితే అడగగలవు. నీకు భయం లేదు" అంది.

ఎస్నాత్ టీ కప్పు పక్కన పెట్టింది. "భయం లేదని ఎవరన్నారు? నాకు ఇప్పటికే ఒక వార్నింగ్ ఉంది, మాట తీరు బాగాలేదని. ఇంకొకటి వస్తే ఉద్యోగం పోతుంది. సరే, అడుగుతాను. నువ్వు నా పక్కన కూర్చో చాలు."

కుసుమ మీటింగ్‌లో ఆమె పక్కనే కూర్చుంది. ఎస్నాత్ లేచి హోయిస్ట్ సంగతి మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది. రెండో వాక్యానికే డయాన్, "ఎస్నాత్, ముందు నువ్వు కాస్త శాంతించు" అంది. శాంతంగా ఉన్న మనిషిని శాంతించమంటే ఎవరికి మండదు? "నేను శాంతంగానే ఉన్నాను. రేపు ఎవరైనా ఆ ఉయ్యాలలోంచి పడి చస్తే అప్పుడు శాంతంగా ఉండను" అని ఎస్నాత్ అరచెయ్యి బల్ల మీద ఆనించింది. గొంతు పెరిగిన మాట నిజం. బల్ల మీద కొట్టలేదు. "ఇదిగో ఈమె భుజం చూడండి. చెప్పు కుసుమా."

గదిలో అందరూ కుసుమ వైపు తిరిగారు. డయాన్ మెత్తగా, "నీకేమైనా ఇబ్బందిగా ఉందా, డియర్?" అని అడిగింది.

పై అధికారి ఇబ్బందా అని అడిగితే, ఇల్లు తగలబడుతున్నా, "అబ్బే, ఏం లేదు మేడమ్" అనడం మనకు ఉగ్గుపాలతో పెట్టిన విద్య. కుసుమ నవ్వింది. "ఏం లేదు. అయామ్ ఫైన్" అంది.

ఎస్నాత్ బల్ల మీంచి చెయ్యి తీసి కూర్చుంది.

మర్నాడు డయాన్ కుసుమను గదిలోకి పిలిచి ఒక ఫారం ముందు పెట్టింది. "పక్కన కూర్చున్నది నువ్వే కాబట్టి నీ మాట ముఖ్యం. జరిగింది జరిగినట్టు రాయి. నీకు అప్పుడు ఎలా అనిపించిందో కూడా రాయాలి. భయమేసి ఉంటుంది కదా?" అని కలం చేతికిచ్చింది. ఇంటికి తీసుకెళ్ళి రాసుకొస్తానంది కుసుమ.

"ఏం జేద్దామంటరు?" అని జనార్దన్‌ను అడిగింది.

"ఏమున్నది జేసుడు? వచ్చే నెల్లనే పర్మిట్ లెటర్ గావాలె. ఆమె గాకపోతే ఇంకోతి వస్తది. మనకెందుకు గా లొల్లి?"

"నేనే అడుగుమన్నగదా ఆమెను."

"గది ఫారంల అడిగిన్రా?"

అడగలేదు. అడగని దానికి జవాబు చెప్పనక్కరలేదని కుసుమ తనకు తాను సర్దిచెప్పుకుంది. గుండ్రటి అక్షరాలతో రాసింది: ఎస్నాత్ గొంతు పెంచింది, బల్ల మీద చెయ్యి వేసింది, నాకు భయమేసింది. ప్రతి ముక్కా నిజమే, భయమేయడం కూడా నిజమే. ఆ భయం డయాన్‌ను చూసి పుట్టింది, చేతి నుంచి జారిపోబోయే ఉత్తరాన్ని తలచుకుని పుట్టింది. ఆ సంగతి మాత్రం రాయలేదు. సంతకం పెడుతుంటే కుసుమకు తన మీద తనకే రోత పుట్టింది. పుట్టినా పెట్టింది.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ, కార్లు నిలిపే చోట ఎస్నాత్ ఎదురైంది. చేతిలో మడతపెట్టిన యూనిఫామ్ ఉంది. తిరిగి ఇచ్చేయడానికి వచ్చింది.

"నీ కాగితం నాకు చూపించారు" అంది. గొంతు ఎంత తగ్గించి మాట్లాడిందంటే, వినడానికి కుసుమ ఒక అడుగు ముందుకు వేయాల్సి వచ్చింది.

"ఎస్నాత్, నేను..."

"ఆగు. నాకు ఇప్పుడెంత కోపంగా ఉందో తెలుసా? ఈ వీధి చివరిదాకా వినపడేట్టు నిన్ను తిట్టాలని ఉంది. కానీ ఆ కిటికీలోంచి ఇద్దరు చూస్తున్నారు. నేను అరిచానంటే నువ్వు రాసింది నిజమైపోతుంది. వెళ్ళు కుసుమా. నీమీద కోప్పడే వీలు కూడా నాకు లేకుండా చేశావు."

ఒక్క తిట్టు తిడితే బాగుండుననిపించింది కుసుమకు. చెంప మీద కొట్టినా బాగుండును. ఎస్నాత్ యూనిఫామ్ రిసెప్షన్‌లో ఇచ్చి, ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయింది.

కుసుమ బ్యాగు కూడా దించకుండా డయాన్ గదిలోకి వెళ్ళింది. "నేను రాసిన కాగితం ఇచ్చేయండి. తప్పు రాశాను" అంది.

డయాన్ కిటికీలోంచి బయటికి చూసి కంగారుపడింది. "ఇప్పుడు బయట నిన్నేమైనా అందా? బెదిరించిందా?" అని కలం అందుకుంది.

అంతే. ఇన్నేళ్ళూ దాచిపెట్టిన నోరు ఒక్కసారిగా పెగిలింది. "ఆమె నన్ను బెదిరించలేదు! నువ్వు బెదిరించావు! ఆమెను అడగమన్నది నేను! భుజం విరిగింది నాది! నాకు భయమేసింది నిన్ను చూసి!" అని పిడికిలితో బల్ల మీద కొట్టింది. కలాల డబ్బా దొర్లి కింద పడింది. ఇంగ్లీషు చాలక తెలుగులోకి దిగింది. "మీకు కండ్లు లేవా? మనిషి పానం పోతదని చెప్తే తప్పు గామెదా?" అని గోడలు అదిరేలా అరిచింది. మీటింగ్‌లో ఎస్నాత్ గొంతు ఇందులో సగం కూడా లేవలేదు. వరండాలో నడుస్తున్న ముసలాయన ఒకాయన వాకర్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

అరిచి అరిచి కుసుమ ఆగింది. ఊపిరి అందడం లేదు. ఇప్పుడు డయాన్ సొరుగు లాగి తన పేరు మీద ఒక ఫారం తీస్తుందని ఎదురుచూసింది. తీయాలనే కోరుకుంది కూడా.

డయాన్ లేచి వచ్చి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. ఒక టిష్యూ ఇచ్చింది, గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. నొప్పి ఉన్న భుజాన్నే మెల్లగా నిమిరింది. "పాపం, లోపల ఎంత పెట్టుకున్నావో! ఇది నువ్వు కాదని నాకు తెలుసు, డియర్. భుజం గురించి నాతో చెబితే సరిపోయేది కదా? రేపటి నుంచి హోయిస్ట్ దగ్గర ఇద్దరిని వేస్తాను. ఇవాళ్టికి ఇంటికి వెళ్ళి పడుకో, జీతం కోయనులే."

"మరి ఎస్నాత్?" అంది కుసుమ.

"అది ముగిసిపోయింది" అని డయాన్ వంగి, కింద పడిన కలాలన్నీ తనే ఏరి డబ్బాలో పెట్టింది. ఏ ఫారమూ తీయలేదు, ఎవరినీ పిలవలేదు.

కుసుమ ముఖం తుడుచుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, అలవాటుగా నవ్వి, "థాంక్యూ" అంది.