మా బావ జేబులో మా అక్క చెవులు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయన చేతిమీదుగా పైకి పోయినవాళ్ళంతా క్షేమంగా కిందికి కూడా దిగారు కాబట్టి పనిలో వంక పెట్టడానికి లేదు. వంకలన్నీ ఇంట్లోనే ఉన్నాయి. మరదలిగా వాటిని ఎత్తిచూపే హక్కు నాకుంది. ఆ హక్కుని నేను ఒక్కరోజు కూడా వృథా చెయ్యలేదు.

పెద్ద భవనాల్లో లిఫ్టులన్నిటికీ కలిపి మేడమీద ఒక ప్యానెల్ ఉంటుందట. దాని ముందు నిలబడితే భవనం మొత్తం మన గుప్పిట్లో ఉన్నట్టేనట. ఈ సిద్ధాంతాన్ని బావ ఇంటికి తెచ్చాడు. టీవీ, హాల్లో దీపం, తలుపు గంట, వాషింగ్ మెషిన్, నేల తుడిచే ఆ గుండ్రటి యంత్రం, అన్నిటినీ తన ఫోనుకి కట్టేశాడు. సినిమాలు చూసే యాప్‌లు కూడా అన్నీ ఆయన పేరుమీదే. అప్పట్నుంచి నేను ఆయన్ని ప్యానెల్ బావ అంటున్నాను. ఆయన దాన్ని బిరుదనుకుంటున్నాడు.

ఇబ్బందల్లా ఆయన పనికి వెళ్ళాక మొదలవుతుంది. ఆయన లిఫ్టు గుంటలోకి దిగాడంటే ఫోనుకి సిగ్నల్ ఉండదు, ఇల్లు మూర్ఛపోతుంది. అక్క టీవీ పెడితే, మీరు నిజంగా ఈ ఇంటివాళ్ళేనా అని టీవీ అడుగుతుంది. ఆ ఇంటికి అద్దె కడుతున్నది అక్క. ఒక్కోసారి మేడమీద బావ వంగి ఏ బోల్టో తీస్తుంటే జేబులో ఫోను నలిగి, ఇక్కడ పట్టపగలు దీపం వెలుగుతుంది, నేల తుడిచే యంత్రం బయల్దేరి వచ్చినవాళ్ళ కాళ్ళమీదికి ఎక్కుతుంది. ఇక టీవీలో 'మీకోసం' అని వచ్చే వరసంతా కూలిపోయే వంతెనలు, కార్లను నమిలేసే యంత్రాలు. అది బావ రుచి. అక్క ఓ కుటుంబ కథ చూసి ఏడవాలనుకుంటే, ఆ పాత ఇనుమంతా దాటుకుని వెళ్ళి వెతుక్కోవాలి. ఇదంతా చెప్తే బావ దగ్గర ఒకటే మందు, ఆపి మళ్ళీ వెయ్యమంటాడు.

మా అక్క ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తుంది. అచ్చయిన కాగితాలను మడతపెట్టే యంత్రం దగ్గర నిలబడి నిలబడి ఆవిడ చెవులు కొద్దికొద్దిగా పోయాయి. ఆ మాట మేమంటాం. అక్క అనదు. అక్క లెక్క ప్రకారం ఆవిడ చెవులు భేషుగ్గా ఉన్నాయి, లోకమే గొణగడం మొదలుపెట్టింది. సినిమావాళ్ళు గొణుగుతారు, నేను గొణుగుతాను, టీవీలు చేసే కంపెనీలు శబ్దంలో పిసినారితనం చేస్తున్నాయి.

బావ ముందు టీవీ కింద పొడుగాటి స్పీకరు పెట్టాడు. పక్కింటివాళ్ళు వచ్చి, సినిమా మేము కూడా విన్నాం, బాగుంది, ఇక చాలు అన్నారు. తరవాత తెరమీద మాటలు అక్షరాల్లో పడేలా పెట్టాడు. కనపడిన ప్రతిదానికీ సరే నొక్కే మనిషి కదా, అక్షరాలు మాలో ఎవరికీ రాని ఏదో భాషలో పడ్డాయి. అక్క వారం రోజులు ఆ సినిమాల్ని అలాగే చూసింది. ఎలా ఉన్నాయంటే బాగున్నాయంది. అప్పుడే మాకు అనుమానం రావాల్సింది.

నాది జుట్టు కత్తిరించే పని. డ్రయ్యరు కింద కూర్చున్నవాళ్ళకి మనం ఏం చెప్పినా ఒకేలా తల ఊపుతారు. మీ జుట్టు ఊడిపోతోందన్నా నవ్వుతారు. అక్క ముఖంలో ఆ నవ్వే వచ్చి చేరింది. ఎవరేం చెప్పినా కాస్త నవ్వి, "మంచిదే కదా" అంటుంది. నూటికి తొంభైసార్లు ఆ మాట అతుకుతుంది కూడా. మళ్ళీ చెప్పమని అడగడం మాత్రం ఆవిడకి ప్రాణం పోయినా రాదు.

చివరికి బావ బతిమాలి బతిమాలి అక్కని చెవి మిషన్ల షాపుకి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. నెల రోజులు వాడి చూడండి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయండి అన్నారు వాళ్ళు. చిన్న చిక్కుడు గింజల్లాంటి మిషన్లు. వాటికి ఒక యాప్. అది అక్క పాత ఫోనులో ఎక్కనంది. అక్కడ బావ కళ్ళలో వెలుగు నేను చూశాను. తన ఫోను తీశాడు, సరే నొక్కాడు, ఇంకో సరే నొక్కాడు. వాషింగ్ మెషిన్, నేల తుడిచే యంత్రం, వాటి కింద మా అక్క చెవులు. ప్యానెల్‌లో అన్నీ వరసగా ఉన్నాయని నాకు చూపించి మురిసిపోయాడు.

కొరివితో తల గోక్కోవడమంటే అదే. బావ ఫోనులో ఏం మోగినా అక్క తలలో మోగేది. ఆయన బాత్రూములో కూర్చుని వార్తలు పెడితే, వంటింట్లో ఉన్న అక్కకి ఎక్కడో ఓడరేవులో సమ్మె గురించి పూర్తిగా తెలిసిపోయేది. ఆయన రక్తపోటు మాత్రల వేళ గంట ఆవిడ చెవిలో కొట్టేది. బట్టలు ఉతకడం పూర్తయిందని వాషింగ్ మెషిన్ స్వయంగా ఆవిడ చెవిలో చెప్పేది. ఒక సాయంత్రం బావ టీవీ గొంతు తగ్గిస్తున్నాననుకుని పెళ్ళాం చెవులు తగ్గించేశాడు. ఆ పూట ఇద్దరూ ఒకరిమీద ఒకరు అలిగి పడుకున్నారు.

మర్నాడు అక్క ఆ మిషన్లు తీసి డబ్బాలో పెట్టింది.

"పెళ్ళి చేసుకున్నాను, కాపురం చేస్తున్నాను. చెవుల్లో కూడా మిమ్మల్నే పెట్టుకు తిరగాలా?" అంది.

గడువు అయ్యేరోజున తనే వెళ్ళి తిరిగి ఇచ్చేస్తానని, ఆ తరవాత ఇంకెప్పుడూ ఇంట్లో చెవుల మాట ఎత్తొద్దని చెప్పింది. అక్క ఒద్దంటే ఒద్దే. ఎప్పుడో ఒకసారి లిఫ్టులో ఇరుక్కున్నందుకు, లిఫ్టు మెకానిక్ భార్య అయ్యుండి ఇప్పటికీ మెట్లే ఎక్కుతుంది. మిషన్లు ఒకసారి వెనక్కి పోయాయంటే ఆ కథ అంతటితో సరి అని మా ఇద్దరికీ తెలుసు.

గడువు రేపనగా సాయంత్రం బావ ఆఖరి ప్రయత్నం చేశాడు. యాప్‌లో ఫోనునే మైకుగా వాడుకునే వీలుందని కనిపెట్టాడు. ఫోను టీవీ ముందు పెడితే సినిమాలో మాటలు సూటిగా చెవిలోకి వస్తాయి. ఒక్క సినిమా, ఒకే ఒక్కటి చూడమని బతిమాలాడు. ఈ పీడ రేపటితో వదులుతుంది కదా అని అక్క మిషన్లు పెట్టుకుని కూర్చుంది. నేను టీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను.

సినిమా మొదలైందో లేదో టీవీ ఆగి, మీరు ఈ ఇంటివాళ్ళేనా అని అడిగింది. ఫోనుకి వచ్చిన అంకెలు కొట్టమంది. బావ విసుక్కుంటూ ఫోను అందుకుని అంకెలు చూసి కొట్టాడు. సినిమా మళ్ళీ నడిచింది. ఆయన ఫోనుని అలవాటుగా చొక్కా జేబులోకి తోసి, నా దగ్గరికి వంటింట్లోకి వచ్చాడు. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ సంగతి ఆయనకి గుర్తులేదు, నాకు తెలియదు.

రేపటినుంచి మీ ప్యానెల్‌లో ఒక మీట తగ్గిపోతుంది కదా బావా, దిగులుగా ఉందా అని నేను వేళాకోళం ఆడాను. ఆయన ఎప్పట్లా ఎదురు జోకు వెయ్యలేదు. గ్యాస్ పొయ్యి పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"మీ అక్క నాతో పోట్లాడి ఎన్నాళ్ళైందో తెలుసా నీకు?" అన్నాడు.

పోనీలెండి, అదృష్టవంతులు అన్నాను.

"పెళ్ళైన దగ్గర్నుంచి నేనన్న ఒక్క మాటకి సరే అనలేదు. నేను జోకేస్తే, ఇది జోకా అని అడిగేది. ఇప్పుడు అన్నిటికీ నవ్వుతుంది. అన్నిటికీ మంచిదే అంటుంది. లిఫ్టు గుంటలో నిలబడి కేకేస్తే మన గొంతే మనకి తిరిగొస్తుంది చూడు. ఇంటికొస్తే కూడా అలాగే ఉంది నాకు."

టీ పొంగుతుంటే మంట తగ్గించాను. ఆయన ఇంకా గొంతు దించాడు.

"మొన్న పొడుగాయన వాళ్ళమ్మ పోయింది. వచ్చి చెప్పులు విప్పుకుంటూ చెప్పాను. మీ అక్క నవ్వి, మంచిదే కదండీ అని బట్టలు మడతపెట్టుకుంటూ పోయింది."

పొడుగాయన అంటే బావతోపాటు పనిచేసే మనిషి. ఒకరు గుంటలో దిగితే ఇంకొకరు పైన కాపలా ఉంటారు. ఆయన తల్లి మా అక్కకి చలికాలానికి శాలువా అల్లి పంపింది. ఎప్పుడు కలిసినా ముందు అక్క గురించే అడిగేది. నేను బావ ముఖంలోకి చూడలేక టీ వడకట్టే నెపంతో అటు తిరిగాను. తిరిగేసరికి గుమ్మంలో అక్క ఉంది.

"ఎవరి అమ్మ పోయింది?" అంది.

మేమిద్దరం దొంగల్లా నిలబడిపోయాం. గోడలకి చెవులుంటాయంటారు, మా బావ జేబుకే ఉన్నాయి. అక్క వేలెత్తి ఆ జేబు చూపించింది. సినిమాలో హీరోయిన్ నోరు కదుపుతుంటే నా గొంతు వినపడిందట. మొదట డబ్బింగు తేడా అనుకుందట. తరవాత హీరో వచ్చి బావ గొంతుతో లిఫ్టు గుంట గురించి మాట్లాడాడట. ఇంకెప్పుడైనా అయితే కింద పడి దొర్లి నవ్వేదాన్ని.

బావ పొడుగాయన పేరు చెప్పాడు. అక్క ఆయన దగ్గరికి వచ్చింది.

"నేనేమన్నాను?"

"మంచిదే అన్నావు."

అబద్ధం చెప్పొచ్చు. మా బావ టీవీతో, ఫోనుతో ఎన్ని అబద్ధాలకైనా సరే నొక్కుతాడు కానీ అక్క దగ్గర అది చేతకాదు. అక్క ముఖం కందిపోయింది. ఆ మనిషికి అంత సిగ్గు కలగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. వినపడలేదని తెలిసినప్పుడు గట్టిగా మళ్ళీ చెప్పాలి కదా, నోరు పడిపోయిందా అని నిలదీసింది.

"చావు కబురు అరిచి ఎలా చెప్పను?" అన్నాడు బావ.

అక్క ఉన్నట్టుండి ఏడ్చింది. బావ ఆవిడ చెయ్యి పట్టుకోబోయి, జేబులో ఫోను ఇంకా వింటోందని గుర్తొచ్చి, ముందు దాన్ని ఆపడానికి తంటాలు పడి ఎప్పట్లాగే తప్పు మీట నొక్కాడు. హాల్లో దీపం ఆరిపోయింది. ఏడుస్తూనే అక్క ఆయన్ని తిట్టడం మొదలుపెట్టింది. ప్యానెల్ మొదలుకుని పరాయి భాష అక్షరాల దాకా అన్నిటికీ వడ్డీతో సహా తిట్టింది. బావ ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటూ నిలబడ్డాడు. నేను నా టీ నేను తాగేసి కింది అంతస్తులో ఉన్న మా ఇంటికి దిగిపోయాను.

మర్నాడు చెవి మిషన్ల షాపుకి ఎవరూ వెళ్ళలేదు. ముగ్గురం పొడుగాయన ఇంటికి వెళ్ళాం. బయల్దేరేముందు అక్క బావని ఫోను ఇంట్లో వదిలి రమ్మంది. బావ వదిలి వచ్చాడు. దారిపొడుగునా చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

పొడుగాయన ఇంట్లో మంచం తీసేసిన గది ఒకటి ఖాళీగా ఉంది. దాని పక్క గదిలో కూర్చున్నాం. ఆయన నేలకేసి చూస్తూ, లోగొంతుకతో తల్లి ఆఖరి రోజుల గురించి చెప్పాడు. నాకే సగం వినపడలేదు. వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి ఆ మాటలు అరిగిపోయినట్టున్నాయి. నేను తల ఊపాను, బావ తల ఊపాడు. అక్క ముఖంలోకి ఆ పాత నవ్వు రాబోవడం నాకు కనపడింది. పెదవులు సగం కదిలాయి, ఆగాయి.

"అన్నయ్యగారూ, నాకు చెవులు సరిగా వినపడవు" అంది అక్క. "మీరు చెప్పింది నాకు అందలేదు. మళ్ళీ చెప్పండి."

పొడుగాయన తలెత్తాడు. మళ్ళీ చెప్పమన్నవాళ్ళు ఆయనకి అంతవరకు ఎవరూ తగిలినట్టు లేరు. అరచేత్తో ముఖం తుడుచుకుని, కుర్చీ అక్క దగ్గరికి లాక్కుని, గొంతు పెంచి, అమ్మ జబ్బుపడ్డ రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.