సౌండు తగ్గించి కథ చెప్పిన బాబాయి గారు

మా మెకానిక్ బాబాయి గారు పోయారన్న సంగతి, ఒక అంతరిక్ష నౌక రంగు మీద జరుగుతున్న గొడవ మధ్యలో నాకు తెలిసింది. బుధవారం పొద్దున్న కాలేజీకి బయల్దేరుతూ ఫోన్ చూశాను. మా పాత వీధివాళ్ళం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో మెసేజీలు కుప్పలుగా పడి ఉన్నాయి. మా చిన్నప్పటి సీరియల్‌ని మళ్ళీ తీస్తున్నారు కదా, అందులో నౌకకి బూడిద రంగు వేశారట. పాతది తెల్లగా ఉండేదని కొందరు, నీలమని కొందరు కొట్టుకుంటున్నారు. అందులో సగం మంది ఆ నౌకని చూసింది బ్లాక్ అండ్ వైట్ టీవీలో. ఆ గోల మధ్యలో ఎవరో, "టీవీ బాబాయి గారు తెల్లవారుజామున పోయారు. గుండెపోటు. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్తారు" అని రాశారు. దాని కింద ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ కిందే ఇంకొకరు, "తెలుపే కరెక్టు" అని రాశారు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కొంత, ఆయన మీద ఎక్కువ. ఆదివారం నాడు ఆ సీరియల్ మొదటి భాగం రాబోతోంది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి ఇంకో నాలుగు రోజులు ఆగలేకపోయారా? పైగా ఆయనా నేనూ మాట్లాడుకుని అప్పటికి నాలుగు నెలలు. మాట్లాడనిది నేనే. ఇప్పుడు ఆ కోపాన్ని నేను ఎక్కడ పెట్టుకోవాలి?

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న ఆయన్ని "భాయ్" అని పిలిచేవాడు. నాన్నకి తమ్ముడి వరసైతే నాకు బాబాయే కదా. వాళ్ళావిడ పిన్ని. విజయవాడ వన్‌టౌన్‌లో, కొండ కింద, మా ఇంటికి ఎదురుగానే వాళ్ళ ఇల్లు. ముందు గదిలో టీవీ రిపేరు కొట్టు, వెనక కాపురం. వెనక గదిలో ఉర్దూ, ముందు గదిలో తెలుగు. మధ్యలో ఒక పూల కర్టెన్.

ఆ సీరియల్ ఆదివారం పొద్దున్న హిందీలో వచ్చేది. ఒక అంతరిక్ష నౌక, అందులో ఒక కెప్టెను, ఒక లేడీ డాక్టరు, మాట్లాడే యంత్రం ఒకటి. దారి తప్పారు. వారానికో గ్రహం మీద దిగి, ఇంటికి దారి అడిగేవాళ్ళు. అంతే కథ. మా వీధిలో దాన్ని అసలు పేరుతో ఎవరూ పిలవలేదు, "నౌక" అనేవాళ్ళం. మా వీధిలో చాలామందికి హిందీ రాదు. అందుకని అందరం బాబాయి గారి కొట్టు ముందు చేరేవాళ్ళం. రిపేరుకొచ్చిన వాటిలో మంచి టీవీ ఒకటి, కలరో బ్లాక్ అండ్ వైటో, చూసి, బల్ల ఎక్కించి, వీధి వైపు తిప్పి పెట్టేవారు.

ఆ టీవీల సొంతదారులకి ఆయన పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. గురువారానికే బాగైపోయిన టీవీని ఆదివారం దాకా ఇచ్చేవారు కాదు. ఒకసారి ఉయ్యూరు నుంచి ఒక చెరకు రైతు నిప్పులు కక్కుతూ వచ్చాడు.

"శుక్రవారానికి ఇస్తానన్నావు. ఇవాళ ఆదివారం. నా టీవీ ఏదయ్యా?"

"అయిపోయిందండీ. టెస్టింగులో ఉంది. అదిగో, చూడండి ఎంత బాగా వస్తోందో."

"నా టీవీ నాకే చూపిస్తావేంటయ్యా!"

"పావుగంటలో అయిపోద్ది, కూర్చోండి. అమ్మాయ్, పెద్దాయనకి కాస్త జరుగు."

నేను జరిగాను. ఆయన కూర్చున్నాడు. పావుగంట తర్వాత టీవీ సంగతి మరిచిపోయి, "ఆ యంత్రం చెప్పేది నమ్మమాక కెప్టెనూ" అని తెర మీదికి అరుస్తున్నాడు. మర్నాడు టీవీ తీసుకెళ్ళాడు. ఒక ఆదివారం ఇంట్లో చూసి, ఆ పై ఆదివారం బస్సెక్కి వచ్చేశాడు. "మా ఇంట్లో అది తెలుగులో మాట్లాడట్లేదయ్యా" అన్నాడు.

తెలుగులో మాట్లాడింది టీవీ కాదు, బాబాయి గారు. సీరియల్ మొదలవగానే సౌండు పూర్తిగా తగ్గించేసేవారు. "వాళ్ళు మాట్లాడుతుంటే నాకు చెప్పటానికి అడ్డొస్తున్నారు" అనేవారు. టీవీ పక్కన స్టూలేసుకుని, చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని, అందరి గొంతులూ తానే అయ్యేవారు. ఆ యంత్రానికి ఎంత మర్యాదో! "కెప్టెన్ గారూ, గాలి అయిపోవచ్చిందండీ. తమరు కాస్త తొందరపడాలండీ" అనేది. నీళ్ళు లేని గ్రహం ఒకటి వచ్చింది. "పైవాళ్ళు కాలువ లాకులు మూసేశారు. ఇంక చివరి పొలాలకి నీళ్ళెట్టా వస్తయ్?" అన్నాడు కెప్టెను. ఉయ్యూరు రైతు తొడ చరిచి, "అదీ మాట!" అన్నాడు. వేరే గ్రహం వాళ్ళకి కూడా కాలువల గొడవ ఉంటుందని నేను అప్పుడే తెలుసుకున్నాను. దాన్ని చాలా ఏళ్ళు నమ్మాను కూడా.

అందరికీ ఇష్టమైన మనిషి డాక్టరమ్మ. ఒక ఆదివారం ఏదో గ్రహం మీద కొండ విరిగిపడింది. దుమ్ము. ఆ తర్వాత కెప్టెను మోకాళ్ళ మీద కూర్చుని తల దించుకున్నాడు. డాక్టరమ్మ కనపడలేదు. బాబాయి గారు ఎప్పుడూ ఆగని మనిషి, ఆ రోజు చేతిలో స్క్రూడ్రైవరుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు.

"ఏమైంది బాబాయి గారూ?" అన్నారెవరో వెనక నుంచి.

"ఏం కాలేదు. డాక్టరమ్మ ఇక్కడే ఉండిపోతానంటోంది. ఈ ఊళ్ళో ఆస్పత్రి లేదంట. మీరెళ్ళండి, నేను ఉత్తరాలు రాస్తుంటా అంటోంది."

"మరి కెప్టెన్ ఎందుకు ఏడుస్తున్నాడు?" అన్నాను నేను. ముందు వరసలో కూర్చునేదాన్ని, నాకు అన్నీ కనిపిస్తాయి.

"వదిలేసి వెళ్ళాలంటే ఏడుపు రాదా? మీ అత్తని కాపురానికి పంపిన రోజు మీ నాన్న ఏడవలేదూ?"

ఏడ్చాడు, నేను చూశాను. నమ్మేశాను. ఆ తర్వాత ప్రతి వారం, కెప్టెను ఏ కాగితం చూసినా, ఏ మీట నొక్కినా, అది డాక్టరమ్మ ఉత్తరమే. ఈ వారం ముగ్గురికి పురుడు పోసిందట. ఒక ముసలాయనకి కంటి చూపు తెప్పించిందట. మందులు అయిపోయాయట, పంపమంటోందట. పిల్లలం ఆ ఉత్తరం కోసమే వెళ్ళేవాళ్ళం.

ఇదంతా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నా ఖర్మ అదే. ఇప్పుడు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సీరియల్ మళ్ళీ వస్తోందని ప్రకటించగానే, రాష్ట్రంలోని అభిమానులంతా ఆన్‌లైన్‌లో ఒక పెద్ద గుంపుగా చేరి జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టారు. వాళ్ళది అభిమానం అనాలో పూనకం అనాలో నాకు తెలియదు. నాకూ పూనింది. డాక్టరమ్మ ఉత్తరాల గురించి ఇంత పొడుగు వ్యాసం రాశాను. ఒంటరిగా ఒక గ్రహం మీద ఆస్పత్రి నడిపిన ఆ స్త్రీ వల్లే నేను సైన్సు చదివానని రాశాను. అది నిజం కూడా.

గంట తిరక్కుండా ఒకాయన ఆ భాగం వీడియో ముక్క పెట్టాడు. డాక్టరు చచ్చిపోయింది. కెప్టెను స్పష్టంగా ఆ మాటే అంటున్నాడు. తర్వాతి భాగాల్లో ఆమె ఊసే లేదు. ఉత్తరం అన్న మాటే లేదు. "మేడమ్ గారు ఏ గ్రహంలో చూశారో" అని మొదలుపెట్టి నన్ను ఉతికి ఆరేశారు. మర్నాడు క్లాసులో వెనక బెంచీల్లోంచి, "మేడమ్, ఉత్తరం వచ్చిందండీ" అని వినపడింది.

సాయంత్రం ఆటో ఎక్కి తిన్నగా కొట్టుకి వెళ్ళాను. ఇప్పుడు టీవీలు ఎవరూ బాగు చేయించుకోరు. బాబాయి గారు ఒక మిక్సీ విప్పుకుని కూర్చున్నారు. ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు పైకి నెట్టి, మొత్తం చూశారు.

"బొమ్మ ఎంత క్లియర్‌గా ఉందమ్మా. ప్రింటు శుభ్రం చేసినట్టున్నారు."

"బాబాయ్! డాక్టరు చచ్చిపోయింది."

"అవునమ్మా."

"మీకు ముందే తెలుసా?"

"హిందీ రాదా ఏంటి నాకు?"

"మరి ఇన్నేళ్ళు మా చెవిలో పువ్వులు పెట్టారెందుకు?"

"బొమ్మ వాళ్ళది, మాట నాది. ఆదివారం పూట నా కొట్టు ముందు కూర్చున్నోళ్ళని ఏడిపించి పంపనా?"

"నలుగురిలో నా పరువు పోయింది, తెలుసా?"

"చచ్చిపోలేదని చెప్పు వాళ్ళకి. వాళ్ళకి మాత్రం ఏం తెలుసు?"

ఇదీ ఆయనతో వచ్చిన చిక్కు. తప్పు చేశానని ఒక్క ముక్క అంటే నేను చల్లబడిపోయేదాన్ని. అనరు. పైగా నవ్వుతున్నారు. "కొత్తది వస్తోందిగా. మొదలయ్యే ఆదివారం ఇటు రా. వీధోళ్ళందర్నీ పిలుస్తా. నేనే చెప్తా" అన్నారు.

"అక్కర్లేదు బాబాయ్. ఇప్పుడది తెలుగులోనే వస్తుంది. మీరు చెప్పాల్సిన పనేం లేదు" అన్నాను.

ఆయన నవ్వు ఆపేశారు. ఫోన్ అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి నా చేతికిచ్చారు. "అదీ నిజమేలే" అని, మళ్ళీ మిక్సీ దగ్గరికి వంగారు. మీరు చెప్పాల్సిన పనేం లేదన్నదే నేను ఆయనతో అన్న ఆఖరి మాట. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో ఫిజిక్సులో ఎక్కడా లేదు.

బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను. మగవాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. పిన్ని వెనక గదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని, నేను అడగకుండానే చెప్పింది.

"నువ్వు కోపంగా ఎల్లావని ఆయన బాధపడ్డారమ్మా. ఆ డాక్టరు పోయిన రోజు నాకు బాగా గుర్తు. బయట మీ అందరికీ బతికుందని చెప్పి, లోపలికొచ్చి, 'ఆమె పోయింది' అన్నారు నాతో. మరి వాళ్ళకి అట్టా చెప్పారేంటంటే, 'ముందు వరసలో పిల్లలున్నారు' అన్నారు. ఆ పూట అన్నం ముట్టుకోలేదు."

నాకు ఇంకా కోపం వచ్చింది. ఈ ముక్క నాతో చెప్పడానికి ఆయనకి నోరు రాలేదా? నేను అడిగినప్పుడు ప్రింటు శుభ్రంగా ఉందని చెప్పడానికి మాత్రం వచ్చిందా? బస్‌స్టాండులో నిలబడి ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆదివారం సీరియల్ మొదలైంది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. మంచి తెలుగు, మంచి సౌండు. యంత్రం మాట్లాడితే ఇల్లంతా అదిరింది. నా మనసుకి ఏదీ తగల్లేదు. వీధి గ్రూపులో మాత్రం రోజూ రణరంగమే. "యంత్రానికి పొగరెక్కింది, అండీ అనట్లేదు" అని ఒకరు. "పాతదాంట్లో ఎంత చక్కగా మాట్లాడేది" అని ఇంకొకరు. "లాకుల ఎపిసోడ్ మళ్ళీ తియ్యాలి" అని ఉయ్యూరు రైతు కొడుకు. అసలు సీరియల్‌లో లాకుల మాటే లేదని, మీరంతా అభిమానిస్తున్నది ఆ సీరియల్‌ని కాదు, ఒక మెకానిక్‌ని అని రాద్దామని ఎన్నిసార్లు టైపు చేశానో. ప్రతిసారీ చెరిపేశాను. కనీసం ఆయన పేరు ఎత్తండర్రా అని మాత్రం లోపల అరుచుకున్నాను.

ఆయన పోయిన నలభయ్యో రోజు ఆదివారం పడింది. మధ్యాహ్నం భోజనాలు. పొద్దున్నే వెళ్ళాను. వెనక గదిలో వీధి ఆడవాళ్ళందరూ చేరి వెల్లుల్లి ఒలుస్తున్నారు, పుదీనా తుంచుతున్నారు. పిన్నే అంది, "ఆదివారం కదమ్మా, టీవీ పెట్టండి. ఆయనుంటే పెట్టేవారు" అని. ఎవరో పెట్టారు. ఆరో భాగం నడుస్తోంది. కెప్టెను కొడుకు, ఇప్పుడు వాడే కెప్టెను, ఏదో ఎర్రమట్టి గ్రహం మీద దిగాడు. ఒక రేకుల షెడ్డు ముందు జనం బారులు తీరి ఉన్నారు. లోపలి నుంచి ఒక తెల్లజుట్టు ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

అదే నటి. అదే డాక్టరమ్మ.

ఆ రోజు కొండ కింద తాను చావలేదని, ఈ ఊళ్ళో వైద్యం చేసేవాళ్ళు లేక ఉండిపోయానని, ఇన్నేళ్ళుగా కబుర్లు పంపుతూనే ఉన్నానని, మీకు అందలేదేమోనని ఆవిడ తెలుగులో చెప్పింది. స్పష్టంగా, పూర్తి సౌండుతో. నా చేతిలో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. రాష్ట్ర అభిమానులంతా మోసం, ద్రోహం, పాతదాన్ని పాడుచేశారని గగ్గోలు పెడుతున్నారు. ఫోన్ ఆపి పక్కన పడేశాను. బాబాయ్, నలభై రోజులు! నలభై రోజులు ఆగలేకపోయారా? మీ మాట నెగ్గింది, చూసుకోవడానికి మీరు లేరు. ఇప్పుడు నేను ఎవరి ముందు ఓడిపోవాలి?

గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. వెల్లుల్లి ఒలుస్తున్న పెద్దావిడ తలెత్తి చూసి, "చిక్కిపోయింది పాపం" అంది.

"ఎండకి నల్లబడింది కూడా."

"ఒక్కతే చేసుకురావాలంటే మాటలా?"

నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. అసలు సంగతి తెలిసిన పిన్ని కూడా నా వైపు చూసి, అచ్చం ఆయనలాగే, "ఎందుకమ్మా ఏడుపు? ఉంటానని ఆవిడ అప్పుడే చెప్పిందిగా" అంది. తెర మీద డాక్టరమ్మ కొత్త కెప్టెన్‌ని పక్కకి జరగమని, వరసలో ముందున్న పిల్లని లోపలికి రమ్మని చెయ్యి ఊపింది.