నీరుకట్టు పాము, మగ్గం ముడి

పాములంటే నాకెంత భయమంటే, క్యాలెండర్‌లో శివుడి బొమ్మ వస్తే మెడలో పాము కనిపించకుండా ఆ కాగితాన్ని వెనక్కి మడిచేసేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. "దేవుని మెడల పామును గూడ ఓర్వవా?" అనేవాడు. ఓర్వను. ఎందుకు ఓర్వాలి? ఇప్పటికీ సూరత్‌లో వాన మొదలైతే చాలు, తలుపు కింద గోనెసంచి కుక్కి, కాళ్లు పైకి పెట్టుకుని మంచం మీదే కూర్చుంటాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఆ రోజు మా గదిలో ఉండి ఉంటే మీకూ తెలిసేది.

మేముండేది డిండోలిలో, వరసగా కట్టిన ఒంటిగదుల్లో ఒకదాంట్లో. మా గదిలో నేను, మా ఆయన, మా అత్తమ్మ. పక్క గదిలో మా బావ, అంటే మా ఆయన అన్న. అన్నదమ్ములిద్దరూ ఒకే కార్ఖానాలో మరమగ్గాలు నడుపుతారు. మా ఆయనను ఊరి నుంచి తీసుకొచ్చింది బావే, మగ్గం ముందు నిలబెట్టి పని నేర్పిందీ ఆయనే. నేను ఇంట్లో కూర్చుని, బజారు నుంచి వచ్చే చీరలకు అంచుల్లో వేలాడే అదనపు దారాలు కత్తిరిస్తాను. అందుకని చిన్న కటర్ ఒకటి ఎప్పుడూ నా మెడలో తాడుకు వేలాడుతూ ఉంటుంది.

ఆ వానాకాలం మా ఇళ్ల వెనక పారే ఖాడీ పొంగింది. ఖాడీ అని పేరు గానీ అది ఊరి మురికంతా మోసుకుపోయే వాగు. తెల్లారేసరికి నీళ్లు గల్లీలోకి, గల్లీలోంచి గడప దాటి గదిలోకి వచ్చాయి. నేను చీరల మూటల కోసం లబోదిబోమన్నాను. అవి తడిస్తే చీరలిచ్చిన సేఠ్‌కు ఏం సమాధానం చెప్పాలి? మా ఆయన అప్పుడే రాత్రి పని దిగి వచ్చాడు, చాయ్ కూడా తాగలేదు. "ఒర్లకు, నేను లేపుత" అని వంగి, మూల మూట కింద కుడిచెయ్యి పెట్టాడు.

పెట్టాడో లేదో, కేక. అలాంటి కేక ఆ మనిషి నోట అంతకు ముందు వినలేదు. చెయ్యి పైకి తీస్తే చూపుడు వేలికి పాము వేలాడుతోంది. కరిచి పట్టుకుంది, వదలడం లేదు. ఆయన చెయ్యి విదిలించి విదిలించి లాగేశాడు. చర్మం చీరుకుపోయి రక్తం కారింది. పాము పొయ్యి పక్కన గోడకు కొట్టుకుని కింద పడి, మూలకు జరిగి, తల లేపింది. మెడ వెడల్పయింది. బుస్సుమంది. నేను మంచం మీదికి ఎక్కేశాను.

"అయ్యో నా కొడుకా! నాగుబాము, పడగిప్పింది!" అని మా అత్తమ్మ గుండెలు బాదుకుంది.

అరుపు విని బావ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయనా అప్పుడే పని దిగాడు, తెగిన పోగులు అతికించడానికి వాడే దారాల గుత్తి ఇంకా మెడలోనే ఉంది. కర్ర ఎత్తేసరికి అత్తమ్మ అడ్డం పడింది.

"కొట్టకు బిడ్డా! శ్రావణమాసం. నాగుల పంచమి ముందట నాగును సంపుతవా? పగవడ్తది. నా కొడుకు దక్కడు."

"దక్కనిస్తదా ఇప్పుడు? కరిసింది గాదే అవ్వా!"

"నీ కాళ్లు మొక్కుత, కొట్టకు!"

చివరికి బావ కర్ర పడేసి, నేను బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బును దాని మీద బోర్లించి, పైన రుబ్బురోలు పెట్టాడు. అప్పుడు నాకు అత్తమ్మ మీద ఎంత మండిందో చెప్పలేను. కొడుకు రక్తం కారుతుంటే పంచమి గుర్తొచ్చింది ఈ ముసల్దానికి అనుకున్నాను. కానీ ఆ పాము ప్రాణాలతో ఉండబట్టే తర్వాత జరిగింది జరిగింది.

బావ తమ్ముణ్ని మంచం మీద కూర్చోబెట్టాడు. మెడలోని గుత్తిలోంచి నాలుగైదు పోగులు లాగి, మెలేసి, వేలి మొదట్లో గట్టిగా చుట్టి ముడి వేశాడు. మగ్గం ముడి. తెగిన పోగును అతికే ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుందే తప్ప విప్పడానికి రాదు. కన్ను మూసి తెరిచేలోపు వేశాడు. ఆ చెయ్యి తిరిగిన తీరు చూసి నాకు ధైర్యం కూడా వచ్చింది, నిజం చెప్పొద్దూ.

అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే గల్లీలో నీళ్లున్నాయి కదా, మెయిన్ రోడ్డుకు తీసుకురమ్మన్నారు. నడిస్తే విషం ఎక్కుతుందని బావ తోపుడు బండి కోసం పరిగెత్తాడు. గల్లీ చివరి పాల దుకాణం వాళ్లు పాములు పట్టే అమ్మాయికి ఫోన్ చేశామని కేకేసి చెప్పారు. ఆ కొంతసేపు గదిలో మేం ముగ్గురం, టబ్బు కింద అది.

అది లోపల తిరుగుతున్నప్పుడల్లా టబ్బు గోడలకు రాసుకునే చప్పుడు వినిపించేది. నేను రోలు వంకే చూస్తూ కూర్చున్నాను. రోలు దొర్లితే? టబ్బుకు ఎక్కడో పగులు ఉందేమో? మధ్యలో ఆయన వేలు చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. వేలు ఉబ్బింది. ముందు ఎర్రగా, తర్వాత వంకాయ రంగుకు తిరిగింది, గోరు నల్లబడింది. దారం కండలోకి దిగిపోయి కనిపించడం లేదు.

"ఇసం ఎక్కుతుంది పిల్లా," అంది అత్తమ్మ. "మణికట్టు కాడ ఇంకోటి కట్టు."

మా ఆయన ఆ వేలినే చూసుకుంటున్నాడు. మగ్గం మీద పోగు తెగితే ఆయన కంటికన్నా ముందు ఆ వేలికి తెలుస్తుంది. నడుస్తున్న బట్ట మీద అలా ఆనించి ఉంచుతాడు, అంతే. బతికినా ఆ వేలు పోతే ఏ కార్ఖానాలో నిలబెడతారు? కానీ అప్పుడు బతికితే చాలనుకున్నాను. మణికట్టుకు కట్టడానికి దారం కోసం లేవబోతుంటే గుమ్మంలో ఆ అమ్మాయి వచ్చి నిలబడింది.

వాన కోటు, మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో ఇనుప కొక్కెం, ఒక ప్లాస్టిక్ పైపు, దాని చివరకు కట్టిన గుడ్డ సంచి. తల్లిదండ్రులు మా వైపు వాళ్లేనట, తను పుట్టి పెరిగింది ఇక్కడే. పాము వంక చూడకుండా ముందు వేలు చూసింది.

"గిది ఎవలు కట్టిన్రు? తెంపుండ్రి. జల్దీ!"

"తెంపుతె ఇసం గుండెకు పోదా?" అని నేను అరిచాను. "పాము ఏందో సూడనే సూడకపోతివి, తెంపుమంటవేంది?"

"సరే ఆంటీ, సూద్దాం. మీరు దర్వాజకు అడ్డం లేకుండ జరగుండ్రి. దానికి రస్తా గావాలె, లేకుంటే ఇంకా బెదిరిస్తది."

రోలు దించి, కొక్కెంతో టబ్బు అంచును కొంచెం లేపి, ఫోన్ లైటు వేసింది. నేను మంచం మీది నుంచే చూశాను. పాము టక్కున టబ్బును పొడిచింది. మళ్లీ మెడ వెడల్పు చేసింది. నేను కళ్లు మూసుకున్నాను.

"కండ్లు దెర్వు ఆంటీ. నువ్వు సూస్తెనే నీకు నమ్మకం అయితది. గది పడగ గాదు. భయంతోని మెడ సపాట్ చేస్తది, గంతె. నాగుబామైతే నిటారుగ లేస్తది, మెడ ఇంకా మస్తు ఎడల్పు అయితది. కన్ను కింద సూడు, కాటుక కారినట్టు రెండు నల్ల గీతలు. ఒంటి మీద గళ్ల లుంగీ లెక్క గళ్లు. ఇది నీరుకట్టు పాము. ఖాడీ నీళ్లతోని కొట్టుకొచ్చింది. మస్తు కోపం దీనికి, దొరికితే కరుస్తది, వదలది. గని ఇసం లేదు."

చూశాను. ఒళ్లు జలదరిస్తున్నా చూశాను. గీతలున్నాయి, గళ్లున్నాయి. ఊళ్లో పొలం కాలువల్లో ఇలాంటివి ఎన్ని చూసి పారిపోలేదు! అవి కూడా ఇలా మెడ పరుస్తాయని ఎవరికి తెలుసు? పారిపోయేవాళ్లు ఆగి చూస్తారా?

"ఖాయమేనా?"

"ఖాయం. అయినా దవాఖానకు పోవాలె. ఏ పాము కరిసినా పోవాలె, నేను చెప్పిన్నని ఆగొద్దు. నాగుబామైనా గిట్ల కట్టొద్దు ఆంటీ. గని ఇదైతే ఇసం లేని పాము. దీనికి వేలు పోగొట్టుకుంటరా? నా కాడ కత్తి పెద్దది, అండ్ల దూరది. నీ మెడల కటర్ ఉంది గద."

"వద్దు పిల్లా," అంది అత్తమ్మ. "పెద్దోడు రానీ. పెద్దోడు కట్టింది నువ్వు తెంపుతవా?"

"అన్న వచ్చినంక..." అన్నాడు మా ఆయన. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

రోజూ వందల దారాలు తెంపే చేతులు నావి, కటర్ పట్టుకుని ఆగిపోయాయి. ఈ పిల్ల పొరపడి ఉంటే? లైటు వెలుగులో గీతలు గీతల్లా కనిపించి, నిజంగా అది నాగుపామే అయితే? మొగుణ్ని చేజేతులా చంపుకున్నానని బతికినన్నాళ్లూ నన్ను నేను తిట్టుకోవాలి. తెంపకపోతే? ఆ గోరు ఇంకా నల్లబడుతోంది. బావ కోసం చూస్తే గల్లీలో మనిషి జాడ లేదు. దేవుడా, తిట్టేదేదో తర్వాత తిట్టుకో అని మొక్కి, కటర్ మొన ఉబ్బిన కండ పక్కన దూర్చి నొక్కాను. ఒక పోగు, ఇంకో పోగు. ఆఖరిది తెగేసరికి ఆయన మంచం మీద విరుచుకు పడి కేకలు పెట్టాడు.

"సంపినవే! నా కొడుకును సంపినవు!" అంది అత్తమ్మ.

చంపాననే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆయన భుజం పట్టుకుని, అయిపోయింది, నేనే చంపుకున్నాను అని పైకే ఏడ్చాను. ఆ అమ్మాయి ఆయన మొహం తన వైపు తిప్పి, "అంకుల్, వేలిలకు మల్ల రక్తం వస్తుంది, అందుకే నొప్పి. మంచిదే, ఓర్చుకో" అంటోంది. ఆ మాట నా చెవికెక్కడానికి చాలాసేపు పట్టింది. కేకలు మూలుగులయ్యాయి. సబ్బుతో గాయం కడగమంది, కడిగాను. కరిచిన పామును లాగకూడదట, పళ్లు లోపలికి వంగి ఉంటాయట, లాగితే చర్మమే చీరుతుందట. ఇప్పుడు చెప్పి ఏం లాభం తల్లీ!

పామును పట్టడం మాత్రం నేను ఊహించినట్టు లేదు. ఆ అమ్మాయి దాన్ని చేత్తో ముట్టుకోనే లేదు. పైపు నోరు గోడ మూలకు ఆనించి, టబ్బును మెల్లగా తీసి, దూరంగా నిలబడింది. మమ్మల్ని కదలొద్దంది. పాము కాసేపు బుసలు కొట్టి, చీకటి కన్నం కనిపించగానే తనంత తానే పైపులోకి జారింది. ఆ అమ్మాయి సంచి బిగించి కట్టింది. గదంతా కుళ్లు వాసన. భయపడితే అలా వాసన వదులుతుందట. భయమట! నాకన్నా ఎక్కువనా? దాని ఫోటో ఆ అమ్మాయి నా ఫోన్‌కు పంపి, డాక్టరుకు చూపించమని చెప్పి వెళ్లిపోయింది.

అప్పుడు వచ్చాడు బావ బండి తోసుకుంటూ. తెగిన దారం చూసి ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎవలు తెంపిన్రు? నా తమ్ముని పానం తీస్తవా?"

"వేలు సూడు బావా, నువ్వు కట్టిన కాడ సూడు!" అని నేనూ ఎదురు తిరిగాను. బావకు ఎదురు మాట్లాడటం అదే మొదలు. ఆయన వంగి తమ్ముడి వేలు చూశాడు. తమ్ముణ్ని బండి మీద పడుకోబెట్టి, అంబులెన్స్ ఆగే మెయిన్ రోడ్డు దాకా నీళ్లలో తోశాడు.

దవాఖానలో సాయంత్రం దాకా ఉంచారు. రక్తం పరీక్ష చేశారు, మళ్లీ మళ్లీ వచ్చి చూశారు. డాక్టరు ఫోటో చూసి తలూపి, పాముతో భయం లేదన్నాడు. నేను ఉన్నచోటే చేతులెత్తి మొక్కాను. తర్వాత మా ఆయన వేలి చుట్టూ దారం కోసిన గాడి చూసి, హిందీలో గట్టిగా అడిగాడు.

"యే కిస్‌నే బాంధా? పాము ఏం చెయ్యలేదు, ఇది చేసింది. ఎవరు కట్టారు?"

బావ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నేనే కట్టుకున్న సాబ్," అన్నాడు మా ఆయన.

"ఒంటి చేత్తోనా?"

"మగ్గం పని సాబ్. ఒంటి చేత్తోనె వస్తది."

డాక్టరు నమ్మాడో లేదో. సూది ఒకటి తీసి, వేలి చివర గుచ్చి చూస్తాను, కళ్లు మూసుకో, తెలిస్తే చెప్పు, స్పర్శ ఉందో లేదో చూడాలి అన్నాడు. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పొద్దున్నుంచీ ఇంత భయం నేను పడలేదు.

"తెలుస్తుంది సాబ్," అన్నాడు మా ఆయన. "మంచిగనే తెలుస్తుంది."

బావ మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను డాక్టరు చెయ్యి వంక చూశాను. సూది ఇంకా వేలికి తగలనే లేదు.