పచ్చని తీగ కింద తవ్విన రోజు

నా చిన్నప్పుడు శనివారం వస్తే మిగతా పిల్లలు టీవీ ముందు కార్టూన్లు చూస్తూ కూచునేవారు, నేనేమో మా నాన్న వెంట మట్టి తవ్వడానికి పోయేదాన్ని. ఇది ఎనభైల మొదట్లో మాట. మేం అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో ఉండేవాళ్ళం. అమ్మ ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో బోర్డులకి చిప్పులు బిగించే పని చేసేది. శనివారం కూడా షిఫ్టు ఉండేది కాబట్టి నన్ను నాన్నకి అంటగట్టేది. పదకొండేళ్ళ పిల్లకి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? దారి పొడుగునా మూతి ముడుచుకునే కూచునేదాన్ని.

నాన్న గుంటూరు వైపు మిరప రైతుల ఇంట్లో పుట్టి, వ్యవసాయం చదివి, ఇక్కడ మట్టి పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో చేరాడు. తోటలకి వెళ్ళి మట్టీ ఆకులూ తెచ్చి పరీక్షించి, ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పడం ఆయన పని. ఆ తోటలు ద్రాక్షతోటలు, ఆ ద్రాక్ష పోయేది వైన్‌కి. మాదేమో నెలకోసారి ఎవరో ఒకరింట్లో తెలుగులో ఆరాధన చేసుకునే చిన్న క్రైస్తవ సంఘం. ప్రభువు బల్లకి కూడా పులియని ద్రాక్షరసమే వాడేవారు, వైన్ పేరెత్తనిచ్చేవారు కాదు. అందుకని అమ్మ ఆంటీల దగ్గర "మా ఆయన ఫ్రూట్ ఫార్మ్స్‌లో వర్క్ చేస్తారండీ" అని ఊరుకునేది. అబద్ధం కాదుగా!

మేం ఎక్కువగా వెళ్ళేది ఉత్తరాన రెండు గంటల దూరంలో, నాపా లోయలో ఉన్న ఒక ముసలాయన తోటకి. ఆయనది ఫ్రాన్స్. నాన్న ఆయన్ని అంకుల్ అని పిలవమనేవాడు, నేను మనసులో మాత్రం ఫ్రెంచి తాత అనుకునేదాన్ని. నవ్వు తక్కువ మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయనకి ఉన్నదల్లా కొండవాలు మీద ఆ తోట, ఇంటి వెనక చల్లటి నేలమాళిగలో వరసగా ఓక్ పీపాలు. పనివాళ్ళు వెళ్ళిపోయాక కూడా మొక్కల మధ్య తిరుగుతూనే ఉండేవాడు.

మాట్లాడితే మాత్రం ఆ మాటలన్నీ తన తాతల నాటి తోట గురించే. అది ఫ్రాన్స్‌లో బర్గండీ అనే చోట ఉందట. చుట్టూ ఉన్న రాతిగోడని ఎప్పుడో కొన్ని వందల ఏళ్ళ కిందట అక్కడి మఠంలో సన్యాసులు కట్టారట. పొద్దుటెండ తగిలే వాలు. పైన జానెడు ఎర్రమట్టి, కింద సున్నపురాయి. ఆ రాతి పగుళ్ళలోంచి వేళ్ళు తడి వెతుక్కుంటూ లోపలికి దిగుతాయి. దారికి అవతల పదడుగుల్లో రాయి ఇంకాస్త లోతుకి పోతుంది, అక్కడి వైన్ రుచే వేరు. అదే మొక్క, అదే చెయ్యి, అదే పీపా, అయినా వేరు. పళ్ళని తొక్కి, తోలుతో సహా చెక్కతొట్లలో పులియబెట్టి, పీపాల్లోకి తోడి, తగ్గినప్పుడల్లా నింపుతూ కాచుకోవడమే మనుషులు చేసేది, మిగిలినదంతా నేల చేసుకుంటుందనేవాడు. ఆయన తండ్రికి ఆ ఆస్తిలో వాటా దక్కలేదు. అందుకే ఫ్రెంచి తాత ఈ దేశం వచ్చి, అలాంటి వాలు కోసం ఏళ్ళ తరబడి వెతికి, ఇక్కడ ఆగాడు.

ఆ తోటకి జబ్బు చేసింది. మొదటి వేసవిలో మధ్యలో ఓ పది మొక్కలు పసుపు తిరిగాయి, ఆకుల అంచులు ఎండాయి. నాన్న పరీక్షించి, పొటాష్ తక్కువైందన్నాడు. ఎరువు వేశారు. మరుసటి వేసవికి ఆ పది ఎండిపోయి, చుట్టూ ఉన్నవి పసుపు తిరిగాయి. నాన్న ఎండిన మొక్కల మొదళ్ళు తవ్వి చూశాడు. కుళ్ళిన వేళ్ళు తప్ప ఏమీ లేవు. నీళ్ళు సరిపోలేదన్నాడు, పొటాష్ ఇంకా పెంచమన్నాడు. నేల మంచిదే, భయం లేదు అని ధైర్యం చెప్పి ఖాళీల్లో కొత్త మొక్కలు పెట్టించాడు. పైవాలు మొత్తం అదే రకం వేయించాడు. ఫ్రెంచి తాత నాన్న మాట నమ్మి ఉన్నదంతా అందులో పెట్టాడు.

నేను చెప్పే రోజు మూడో వేసవి చివర. ఎండ చురచురమంటోంది. పసుపు మచ్చ తోటలో సగం దాకా పాకింది. నాన్న సంచులు పట్టుకుని కిందికి దిగాడు. నేను ఇంటి అరుగు మీద కూచుని అమ్మ కట్టిచ్చిన నిమ్మకాయ పులిహోర తింటున్నాను. ఫ్రెంచి తాత వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు. ఎన్నడూ లేనిది, కథ చెప్తాను వింటావా అన్నాడు.

ఆయన తాత కాలంలో బర్గండీ తోటలకీ ఇలాగే పసుపు జబ్బు పట్టుకుందట. పట్నం నుంచి చదువుకున్నవాళ్ళు వచ్చి చచ్చిన మొక్కలన్నీ పీకి చూశారట, ఏమీ కనపడలేదట. ఎందుకు కనపడుతుంది? అది వేళ్ళ రసం పీల్చే పురుగు. మొక్క చచ్చాక దానికి అక్కడ తిండి ఉండదు, పక్క మొక్కకి పోతుంది. ఎవరో మచ్చకి అవతల పచ్చగా, గుత్తులతో ఉన్న మొక్కని తవ్వితే అప్పుడు బయటపడింది. ఆ పురుగు అమెరికా మొక్కల వెంటే ఓడల్లో వచ్చిందట. చివరికి ఆ తోటలు పీకి తగలబెట్టి, పురుగుని తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మ అంటుకట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ళ తాత ఆ మంట దగ్గర ఓ చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. ఇక్కడి మొక్కలూ అలాంటి అంటుమొక్కలే, ఈ వేరుకి ఆ పురుగు పట్టదనే అందరూ చెప్పారు అని ఆగాడు. నా వైపు చూడలేదు, తోట వైపే చూస్తున్నాడు.

నాకేం తెలుసు? కథ బాగుంది కదాని పరుగెత్తుకెళ్ళి నాన్నకి అప్పజెప్పాను. "నాన్నా, యూ నో వాట్, ఆ బగ్ డెడ్ ప్లాంట్‌లో ఉండదంట! గ్రీన్ దాంట్లో ఉంటదంట!" నాన్న చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. తర్వాత మచ్చ దాటి, నల్లగా పండిన గుత్తులతో నిగనిగలాడే ఒక మొక్క దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

ఎందుకో తర్వాత అర్థమైంది. మా నాయనమ్మ వాళ్ళింట్లో కాపు మీదున్న మొక్క మొదట్లో పార పెట్టడమంటే మహాపాపం. పిల్లలెవరైనా పెడితే వీపు విమానం మోతే. ఆ ఇంట పెరిగిన మనిషి తవ్వితే చచ్చిన మొక్కలనే తవ్వాడు. పచ్చనిదాన్ని తవ్వాలన్న ఆలోచన కూడా రాలేదాయనకి. అంత చదువూ ఉండి, చేయి వెళ్ళలేదు.

ఆ రోజు తవ్వాడు. సన్నటి వేరు ఒకటి తుంచి భూతద్దం కింద పెట్టాడు. నేనూ చూశాను. వేరు నిండా బుడిపెలు, వాటి మీద గసగసాల కంటే చిన్నగా పసుపు చుక్కలు, కదులుతున్నాయి. మిరప ఆకుల కింద ఉండే పేనుబంకని నాన్న జీవితమంతా చూశాడు. దాని చుట్టం మట్టిలో ఉండగా రెండేళ్ళు పొటాష్ పొటాష్ అన్నాడు. ఆ వేరునే చూస్తూ మట్టిలో కూచున్నాడు. నాన్న ముఖం అలా ఎన్నడూ చూడలేదు, నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకు చెప్పానురా దేవుడా, నోరు మూసుకుని పులిహోర తినక, అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు మా ఇంట్లో రోజూ ఒకటే మాట. గ్రీన్ కార్డ్ పేపర్స్ ల్యాబ్ వాళ్ళ చేతిలో ఉన్నాయి. కంప్లైంట్ వస్తే జాబ్ పోతుంది, జాబ్ పోతే వీసా పోతుంది. అది నాకూ తెలుసు.

"నాన్నా, మనం చెప్పొద్దు. హీ వోంట్ నో," అన్నాను.

"నాకు తెలిసిపోయిందిగా అమ్మలూ. ఇంకెట్టా?" అన్నాడు. గుంట పూడ్చేసి, మట్టిని చేత్తో సర్ది, ఇంటి వైపు నడిచాడు.

అరుగు ముందు నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. రెండేళ్ళు తప్పు చెప్పాను. దీనికి మందు లేదు. తోటంతా తీసేయాలి, నేను పెట్టించిన కొత్త మొక్కలు కూడా. ఈ వేరుకి పురుగు పట్టదని నిపుణులు చెప్తే నమ్మాను, కానీ తవ్వాల్సింది నేను. పొరపాటు నాది. అంతే. ఎరువులనీ, ఎండలనీ, ఇంకొకరినీ అడ్డం పెట్టుకోలేదు. టోపీ అంచు మాత్రం చేతుల్లో గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

ముసలాయన అరవలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. లోపలికెళ్ళి ఒక జామ్ సీసా తెచ్చి నాన్న ముందు పెట్టాడు. అందులో స్పిరిట్‌లో వేసిన వేరుముక్క ఉంది, దాని మీద అవే బుడిపెలు. పోయిన శనివారం మీరు వెళ్ళాక తవ్వానన్నాడు. వారం నుంచీ ఆయనకి తెలుసు! నాకు కథ చెప్పింది ఊసుపోక కాదు. నాన్న సరిగ్గా అక్కడ తవ్వాలని చెప్పాడు, తవ్వాక ఏం చేస్తాడో చూశాడు. నాన్న, మీరు ల్యాబ్‌కి ఫోన్ చేసి ఉండొచ్చు కదా, నన్ను పిలిచి అడిగి ఉండొచ్చు కదా అన్నాడు. అడిగితే నీకు ఒప్పుకోవడం ఒక్కటే మిగిలేది, ఇప్పుడు నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు అన్నాడాయన. తర్వాత మొహం తిప్పేసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాన్న పక్కన కూచున్నాడు. ఇద్దరు మగవాళ్ళు ఏడవడం అదే మొదటిసారి చూశాను.

ఆ తర్వాత ఏదో మంచి జరిగిందని చెప్పాలని ఉంటుంది, కానీ జరగలేదు. నాన్న ఉన్నది ఉన్నట్టు రిపోర్ట్ రాశాడు, ల్యాబ్‌లో ఉద్యోగం పోయింది. ఫ్రెంచి తాత ఒక్క కంప్లైంటూ చేయకపోయినా పోయింది. మళ్ళీ వీసా దొరికేదాకా ఇంట్లో అమ్మ మొహం చూడాలంటే భయమేసేది. నాన్న చివరికి ఫ్యాక్టరీలో చేరాడు గానీ మళ్ళీ మట్టి ముట్టుకోలేదు. ఆ చలికాలం తోట పీకి తగలబెట్టారు, మేం వెళ్ళి సాయం చేశాం. ముసలాయన దిగువన కొన్ని వరసలు పురుగు పట్టని ఇంకో రకం వేరు మీద మళ్ళీ పెట్టాడు. అవి కాపుకొచ్చేలోపే పోయాడు.

నేను టీచర్‌నయ్యాను, మొన్న మొన్నటిదాకా పాఠాలు చెప్పాను. క్లాసులో ఎవరు కాపీ కొట్టారో, ఎవరు ఎవరి వస్తువు విరగ్గొట్టారో తెలిసినా వెంటనే పేరు పెట్టి పిలిచేదాన్ని కాదు. చుట్టూ తిప్పి ఏదో ఒకటి చెప్పి, ఆ పిల్ల తనంతట తాను వచ్చేదాకా ఆగేదాన్ని. కొందరు వచ్చేవారు, కొందరు వచ్చేవారు కాదు. ఆగడం తేలికనుకుంటారు చూసేవాళ్ళు. ఆ ముసలాయన మా నాన్న కోసం ఏడు రోజులు ఆగాడు, బతికినన్నాళ్ళూ పెంచుకున్న తోట చచ్చిపోతోందని తెలిసి, ఒక్కడే ఆ అరుగు మీద కూచుని.