గొంతు రాని పాప పిలుపు

పాప మీద మాత్రం ఒట్టు వేయను. ఆ రాత్రి తర్వాత అలాంటి ఒట్లు మానేశాను. మీరు నమ్మినా నమ్మకపోయినా... ఇది జరిగింది. చిక్కపేటలో, మా బట్టల కొట్టు పైనున్న ఇంట్లోనే.

మా లాస్యకు నాలుగేళ్లు. పుట్టుకతోనే గొంతులో గాలి దారి సన్నం. నెలల పిల్లగా ఉన్నప్పుడే మెడకు రంధ్రం చేసి ట్యూబు పెట్టారు. ఊపిరంతా అందులోంచే. అందుకే స్వరం రాదు. ఏడ్చినా కన్నీళ్లే... చప్పుడు ఉండదు.

ఆ వారం జ్వరం. ట్యూబులో కఫం పచ్చగా, బంకలా వచ్చేది. ఇన్ఫెక్షన్ అని డాక్టరమ్మ మందులిచ్చింది. మెషిన్‌తో కఫం లాగుతూనే ఉండమంది.

ఆ రాత్రి భోజనాల వేళ. బయట వాన. కరెంటు పోయింది. పాప గదిలో నిద్రపోతోంది. నేను వంటింట్లో కొవ్వొత్తి కోసం తడుముతున్నాను...

"అమ్మా."

సన్నగా... గదిలోంచి.

నా చేతులు ఆగిపోయాయి. ఆ మాట వినాలని ఎంత ఎదురుచూశానో. అయినా సంతోషం కలగలేదు. ఒళ్లు చల్లబడింది.

మళ్లీ... "అమ్మా."

హాల్లో కూర్చున్న మా అత్త అంది. "పాప పిలస్తా ఉండాది. పోవేంటికమ్మా?"

అంటే... ఆమెకూ వినబడింది.

పరుగెత్తాను. ఫోన్ వెలుగులో చూస్తే పెదాలు నీలం. పక్కటెముకల మధ్య గుంటలు. ట్యూబు ముందు చెయ్యి పెట్టాను... గాలి తగల్లేదు. మెషిన్ నొక్కాను. బ్యాటరీ అయిపోయింది. వెలుగు పట్టమని ఫోన్ వెనకే వచ్చిన అత్త చేతికిచ్చి, ఆసుపత్రిలో నేర్పినట్టే ట్యూబు లాగేసి, దగ్గరే ఉంచుకునే కొత్తది పెట్టాను.

ఒక్క క్షణం... ఏమీ లేదు.

తర్వాత బుస్సుమని గాలి. పాప కళ్లు తెరిచింది.

ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాం. ఇన్ఫెక్షన్ తగ్గాక డాక్టరమ్మను అడిగాను. "ట్యూబు మూసుకుపోతే ఒక్కోసారి పక్కనుంచి గాలి పైకి పోయి గొంతు రావచ్చమ్మా" అంది. చేర్చిన రాత్రి గొంతులోకి స్కోపు వేసి తీసిన ఫొటో మళ్లీ చూసింది. "కానీ అప్పుడు పాపకు పైన దారి వాచి పూర్తిగా మూసుకుపోయి ఉండింది..." అని ఫొటో పక్కన పెట్టేసింది.

ఇప్పుడు ఆ వాపు తగ్గింది. పగటిపూట ట్యూబుకు చిన్న వాల్వు పెడుతున్నాం, మాట రావడానికి. పోయిన నెల లాస్య మొదటిసారి "అమ్మా" అంది. బొంగురుగా, గరగరమంటూ. ఎత్తుకుని మళ్లీ అనిపించుకున్నాను. ఏడ్చాను కూడా.

తర్వాతే అత్త, నేను మొహాలు చూసుకున్నాం.

ఆ రాత్రి విన్నది... ఈ గొంతు కాదు.