పలుకు

మిట్టమధ్యాహ్నం తిరుత్తణి బస్టాండులో ఒకాయన, అద్దం మూత ఉన్న నల్ల పెట్టెను ఎండలో పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ వేడికి అన్నం వండే పెట్టె అది. దాన్ని చేసే తిరువళ్ళూరు కంపెనీలో నాకూ వాటా ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

"రెండు గంటల్లో ఉడుకుతాదని ఓనరు ఈ కొండమీదే మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి సత్యం చేసినాడన్నా. అది నమ్మి అత్తిమంజేరిపేటలో మావాళ్ళందరి చేతా వాటాలు కొనిపించినా. ఇప్పుడు వాళ్ళు అన్నం వండి చూపించమంటాండారు. ఓనరేమో ఆఫీసులో దొరకడు. వాళ్ళ ముందర పెట్టేముందు నేనొకసారి చూసుకుందామని, పొద్దున్నించి నాలుగు బస్సులు వదిలేసినా."

మూత తీసి, ఒక మెతుకు నా అరచేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పన్నా."

మెతుకు నొక్కాను. పైన మెత్తగానే ఉంది. లోపల పలుకు గట్టిగా తగిలింది.

"ఉడికింది," అన్నాను.

ఆయన కొండవైపు తిరిగి దండం పెట్టి, పెట్టె ఎత్తుకుని, కదులుతున్న ఊరి బస్సు వెనక పరుగెత్తి ఎక్కేశాడు.

అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడమని మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే, ఇప్పటికీ నేను వెళ్ళను.