సగం సాక్ష్యం

మా తమ్ముడి మిమిక్రీలో ఒక సౌకర్యం ఉంది. ఎవరి గొంతు చేస్తున్నాడో ముందే చెప్పేస్తాడు. చెప్పకపోతే మనకి తెలిసే దారి లేదు. ఏలూరు బస్టాండులో బస్సుల వేళలు చెప్పే ఆవిడైనా, సినిమా హీరో అయినా, చెరువు దగ్గర వల లాగించే మేస్త్రీ అయినా అందరూ వాడి గొంతుతోనే మాట్లాడతారు. మైకు పట్టుకోగానే పై పెదవి మీద చెమట పడుతుంది. కుడికాలు దానంతటది ఊగడం మొదలుపెడుతుంది. పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ ప్రోగ్రాముల్లో వాడు చేసినంతసేపూ జనం బుద్ధిగా కూర్చుంటారు. మా వైపు వాళ్ళకి మర్యాద ఎక్కువ. "బాగుందండీ" అనేసి భోజనాలకి లేస్తారు. నవ్వు మాత్రం ఎవరికీ రాదు.

వాడి పని మండవల్లి దగ్గర చేపల చెరువుల్లో మేత వెయ్యడం. పడవ మీద ఒక్కడే తిరుగుతూ ఆ గొంతులన్నీ చేపలకి వినిపిస్తాడని అమ్మ చెబుతుంది. నేను తాడేపల్లిగూడెంలో టీచర్ని. వీలున్న ఆదివారాలు ఊరెళ్తుంటాను. ముప్ఫై దగ్గర పడుతున్నా ఆర్టిస్టునవుతానన్న మాట వాడు వదల్లేదు. నాకు వాడి మీద ఒళ్ళు మండేది. ఇంకెవరైనా వాణ్ణి ఒక మాటంటే వాళ్ళ మీద ఇంకా మండేది.

అలాంటివాడి మీద డాక్యుమెంటరీ తీస్తానని ఏలూరు నుంచి ఒక కుర్రాడు దిగాడు. ఆన్‌లైన్‌లో పెద్ద ఛానలట. మాటకి ముందొక అండీ, వెనకొక అండీ. అమ్మ కొరమీను పులుసు వండితే అన్నం మళ్ళీ అడిగి మరీ పెట్టించుకున్నాడు. "అమ్మగారూ, మీ అబ్బాయి గురించి ఒక్క ముక్క చెప్పండి" అంటూ కెమెరా తిప్పితే, అమ్మ చేతిలో గరిటతోనే, "మావాడు పెద్ద ఆర్టిస్టవుతాడు బాబూ, చూస్తూ ఉండండి" అంది. మంచి చీర కట్టుకుని ఉండాల్సిందని ఆ తర్వాత చాలా రోజులు బాధపడింది.

వీడియో పెట్టిన ఆదివారం, ఆరాధన అయ్యాక అందరూ ఉండాలని పాస్టరుగారు చెప్పారు. పాటలు వేసే తెర మీదే చూద్దామన్నారు. అమ్మ ఊరుకుంటుందా, చర్చికి రానివాళ్ళని కూడా ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చింది. తమ్ముడు పనిచేసే చెరువు రైతుగారు కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు.

మొదట కొల్లేరు చూపించారు. నీళ్ళు, పిట్టలు, పడవ, పడవలో మా తమ్ముడు. ఎంత బాగున్నాడో! అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత వాడు మా వసారాలో చాప మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నేను ఎందుకూ పనికిరానివాణ్ణండి. పదో తరగతి తప్పానండి. నన్ను చూస్తే ఆడపిల్లలు అటు తిరిగి వెళ్ళిపోతారండి. నా గొంతు నాకే నచ్చదండి..."

మా చర్చిలో పిల్లలకి కూడా అదేమిటో తెలుసు. అది సాక్ష్యం. నీ గురించి చెప్పు అని మైకు పెడితే మావాళ్ళు అలాగే చెబుతారు, ఇంకో పద్ధతి రాదు. ముందు నేనింత పనికిమాలినవాణ్ణి అని దాచకుండా చెప్పుకోవాలి. ఆ తర్వాత, అయినా దేవుడు నన్ను విడిచిపెట్టలేదు, ఇదిగో ఈ మేలు చేశాడు అని చెప్పాలి. మొదటి సగం చెప్పేదే రెండో సగం కోసం. కెమెరా ముందు కూడా వాడు అదే పద్ధతిలో మొదలుపెట్టాడు. మేమంతా "స్తోత్రం" అనడానికి సిద్ధంగా కూర్చున్నాం.

రెండో సగం రాలేదు. వాడి పెదవి మీది చెమట తెర నిండా వచ్చింది. బూర తుస్సుమన్న చప్పుడు పెట్టారు. ఎవరో పగలబడి నవ్విన చప్పుడు కలిపారు. ఊగుతున్న కాలికి డప్పు వాయించారు. అమ్మ గరిట పట్టుకుని "పెద్ద ఆర్టిస్టవుతాడు బాబూ" అనగానే కాకి అరిచింది.

మా ఇంట్లో అన్నం తిని చేసిన పని ఇది! ముందు పిల్లలు నవ్వారు, తర్వాత కుర్రాళ్ళు. ఆ తర్వాత పెద్దవాళ్ళు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. అమ్మ ఒక్కతే తెర వంక చూస్తూ ఉంది. ఇంకా ఉందనుకుంటోంది పాపం.

బయటికొచ్చి ఆ ఛానల్ కుర్రాడికి ఫోన్ చేసి కడిగి పారేశాను. అంతా ఓపిగ్గా విన్నాడు. "కోప్పడకండి మేడమ్, వ్యూస్ చాలా బాగా వస్తున్నాయండి" అన్నాడు. ముందా వీడియో తీసెయ్యమన్నాను. "తమ్ముడుగారు పోయినవారమే మా ఆఫీసుకొచ్చి మొత్తం చూశారండీ. ఆయన సరేనన్నాకే పెట్టామండి."

ఫోన్ పెట్టేశాను. తమ్ముడు చర్చి పక్కన కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు.

"ముందే చూశావా?" అన్నాను.

"చూశానక్కా."

"చూసి సరేనన్నావా? సిగ్గు లేదురా నీకు? నీ సాక్ష్యం సగంలో కోసేశాడు కదరా వాడు!"

"వాడు కొయ్యలేదక్కా. నేనే తీసెయ్యమన్నాను."

"ఎందుకురా?" అన్నాను.

"ఆఫీసులో అందరూ కూర్చుని చూశారక్కా. మొదటి సగానికి కడుపు పట్టుకుని నవ్వారు. నేను చేసినదానికి అలా నవ్వడం ఎప్పుడైనా చూశావా నువ్వు? దేవుడు చేసిన మేలు దగ్గరికి వచ్చేసరికి ఒకతను ఫోన్ చూసుకుంటున్నాడు, ఇంకొకతను టీకి లేచాడు. అందుకని అది వద్దన్నాను." చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. "అమ్మ దగ్గర కాకి మాత్రం పెట్టొద్దని చెప్పానక్కా. వినలేదు."

ఏడుస్తుంటాడేమో, ఓదార్చాలి అనుకుంటూ వచ్చాను నేను. వాడు ఏడవడం లేదు. నాకు భయం వేసింది.

ఈలోగా లోపలి నుంచి కుర్రాళ్ళు కేకలు పెట్టారు. "అన్నా, అది ఒక్కసారి ఇక్కడ చెయ్యన్నా!" పాస్టరుగారు వారించబోయి మొహమాటపడి ఊరుకున్నారు. నేను తమ్ముడి చొక్కా పట్టుకుని లాగాను. "వద్దురా. ఇప్పుడు ఇది వేషంలా చేశావంటే, రేపు నిజంగా సాక్ష్యం చెప్పుకోవాల్సి వస్తే ఏ నోటితో చెబుతావు?" అన్నాను. నా చెయ్యి మెల్లగా విడిపించుకుని లోపలికి వెళ్ళి మైకు అందుకున్నాడు.

"నేను ఎందుకూ పనికిరానివాణ్ణండి," అని ఆగాడు. ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగాడు. కాలు ఊగింది. ఈసారి దానంతటది ఊగలేదు, వాడే ఊపాడు. చర్చి దద్దరిల్లింది. రైతుగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వాడి ముఖం వెలిగిపోతోంది. అంత సంతోషంగా వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ లేచి నిలబడింది. నవ్వులు తగ్గేదాకా ఆగింది.

"మిగతాది కూడా చెప్పు నాన్నా," అంది.

వాడు అమ్మ వైపు తిరిగాడు.

"అంతేనమ్మా," అన్నాడు మైకులోనే.

దానికీ అందరూ నవ్వారు.